వేడి చేసే కషాయం వంటింటిదే, మందుల షాపుది కాదు

చలికాలంలో చైనా ఇళ్లలో అల్లం, ఎండు జుజుబీ పండ్లు, ఎర్రచక్కెర కలిపి మరిగించి తాగుతారు. జుజుబీ మన రేగుపండుకు దగ్గరి చుట్టమే. ఈ కషాయం ఒంటికి వేడి చేస్తుందన్న మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తొందరపాటు. చైనా వైద్యం పచ్చి అల్లాన్ని వెచ్చనిదిగా, శొంఠిని అంతకంటే వేడిదిగా లెక్కగడుతుంది. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజరాల్ అనే ఘాటు పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది. షోగాల్ ఘాటు ఇంకా ఎక్కువ. మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకాలనే ఈ రెండూ తట్టిలేపుతాయి. చైనా వైద్యుడు లీ షిజెన్ 1578లో ‘బెన్‌త్సావ్ గాంగ్‌ము’ అనే ఔషధ గ్రంథాన్ని పూర్తిచేసే నాటికి వైద్యులకున్న పరికరాలు నాలుకా, ఓపికా. ఆ పరిశీలన తక్కువదేమీ కాదు.

అయితే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించడం వేరు, జబ్బు నయం కావడం వేరు. అల్లం వికారాన్ని తగ్గిస్తుందనడానికి, ముఖ్యంగా గర్భిణుల్లో, ఆధారాలున్నాయి. రక్తం పట్టిస్తుందని జుజుబీకి కట్టబెట్టే కీర్తికి అంత బలం లేదు. తరతరాలుగా తాగుతున్నారు కదా, హాని ఏముంటుందని అడగవచ్చు. వంటింటి మోతాదులో చాలామందికి ఏమీ ఉండదు. కానీ ఇలాంటి పానీయాల్లో పడే గోజీ పండ్లు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీసిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇలాంటి కషాయాల్లో వేసే అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. చక్కెర సంగతి మధుమేహులకు చెప్పనక్కర్లేదు. మన శొంఠి కాఫీకీ ఇదే కొలత. రుచికి హాయిగా తాగండి; రోజూ మందులు వేసుకునేవారు మాత్రం ముందు డాక్టరుకు చెప్పండి.