బువ్వ తినే అరగంట ఎవరి సొత్తు?

మన ఉత్తరాంధ్రలో మనిషి ఎదురైతే మొదట అడిగే మాట 'బువ్వ తిన్నావేటి?' అని. ఆ మాట విశాఖ ఆసుపత్రుల్లో పని చేసే మన పిల్లల్ని అడగండి. ప్రభుత్వాసుపత్రిలో వాళ్లని ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ అంటారు. ప్రైవేటులో నర్సింగ్ అసిస్టెంట్, వార్డుబాయ్, ఆయా అంటారు. పేరేదైనా పని ఒకటే. రోగిని లేపాలి, ఒళ్లు తుడవాలి, బెడ్‌పాన్ పెట్టాలి, స్ట్రెచర్ తొయ్యాలి, ప్రాణం పోతే మార్చురీ దాకా మోయాలి. పాలకొండ, సాలూరు, పాడేరు, నర్సీపట్నం నుంచి బస్సెక్కి ఈ పనికొచ్చిన పిల్లలు మన పిల్లలే.

డ్యూటీ చార్టు మీద వాళ్లకి భోజన విరామం ఉంటుంది. ఆ వేళకి వచ్చి నిలబడే రిలీవర్ మాత్రం చాలాచోట్ల ఉండడు. కేరేజీ మూత తీసేలోగా ఎమర్జెన్సీ నుంచి పిలుపు వస్తుంది. చెయ్యి కడుక్కుని లేస్తారు. తిరిగొచ్చేసరికి అన్నం చల్లారుతుంది, విరామం అయిపోతుంది. జీతం లెక్కలో మాత్రం ఆ అరగంట 'విశ్రాంతి'. దానికి పైసా లేదు. షిఫ్టు అయ్యాక హ్యాండోవర్ పేరుతో ఆపే సమయం ఇంకొకటి. అదీ లెక్కలోకి రాదు.

లెక్క మనమే వేద్దాం. భోజనానికి అరగంట, హ్యాండోవర్‌కి అరగంట పోయిందనుకోండి. రోజుకి గంట. నెలకి 26 రోజుల డ్యూటీకి 26 గంటలు. ఏడాదికి 312 గంటలు. ఎనిమిది గంటల రోజుతో భాగిస్తే 39 రోజులు. నెల మీద తొమ్మిది రోజులు ఊరికే చాకిరీ! దీన్ని సేవ అంటారా, వెట్టి అంటారా?

'రోగి ప్రాణం మీదికొస్తే అన్నం తింటూ కూర్చుంటారా?' అని యాజమాన్యాలు అడుగుతాయి. రోగిని వదిలి పొమ్మని ఎవరన్నారు? ఇదే ఊళ్లో ఉక్కు కర్మాగారం ఉంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వెలిగిన ఫర్నేసుని భోజనానికని ఎవరూ ఆర్పరు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు నడుస్తూనే ఉంటాయి. ఒకడు తినేటప్పుడు ఇంకొకడు నిలబడాలి. నిలబడే ఆ ఇంకొకడికి జీతం ఇవ్వాలి. అసలు సంగతి అదీ. ఆ ఒక్క పోస్టు మిగుల్చుకోవడానికే పిల్లల కడుపు మాడుస్తున్నారు.

ఉక్కు కార్మికుడికి ఆ అరగంట ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలని రాసింది. 250 మంది దాటితే క్యాంటీన్ పెట్టాలంది. ఆసుపత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు గనక ఆ అరగంట గడప దాటి లోపలికి రాలేదు. ఆసుపత్రి కూడా పరిశ్రమేనని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పినా వార్డులో కేరేజీ తెరుచుకోలేదు.

ఇప్పుడు ఉన్న అరగంటకే ఎసరొచ్చింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి, విరామం లేని పనిని అయిదు గంటల నుంచి ఆరుకి పెంచింది. అదే ఏడాది నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. రోజుకి ఎనిమిది గంటలే అంటూనే, మధ్యలో విరామం ఎంతో ప్రభుత్వాలు నోటిఫై చేసుకోమని వదిలేసింది. ఖాళీ గడి పెట్టి పెన్ను పాలకుల చేతికిచ్చినట్టు! ఆ గడిలో ఏం రాయాలో మనం గొంతెత్తకపోతే యాజమాన్యాలు చెప్పి రాయిస్తాయి.

బయట దేశాల్లో దీనికి సూటి మాట ఉంది. అమెరికాలో 1938 నాటి పని గంటల చట్టం కింద ఉన్న నిబంధన ప్రకారం భోజన వేళ మనిషిని పని నుంచి పూర్తిగా విడిపించాలి. విడిపించకపోతే అది పని సమయమే, జీతం ఇవ్వాల్సిందే. నర్సింగ్ సిబ్బంది పని పరిస్థితుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే 149వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు.

'ముందు రాష్ట్రం రానీండి, ఇవన్నీ తర్వాత' అనే మిత్రులు మనలో ఉన్నారు. వాళ్లకి తెలంగాణ గుర్తు చేస్తున్నాం. 2011 సకల జనుల సమ్మెలో బస్సులాపి రాష్ట్రం కోసం నిలబడ్డ ఆర్టీసీ కార్మికులు, ఆ రాష్ట్రం వచ్చాక 2019లో సొంత ప్రభుత్వం మీదే 52 రోజులు సమ్మె చెయ్యాల్సి వచ్చింది. ముందే రాసుకోని హక్కు రాష్ట్రంతోపాటు దానంతటదే రాదు. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. అడగందే ఈ ఊరికి ఏదీ రాలేదు.

ఇంకో మాట కూడా నిష్ఠూరంగానే చెబుతున్నాం. ప్రతి ఆసుపత్రి యజమానీ బయటివాడు కాదు. మన ఊరివాడూ, మన సభల్లో వేదికెక్కేవాడూ ఉంటాడు. అమరావతిని అడిగినంత గట్టిగా ఆయన్నీ అడగాలి. మనోడు చేస్తే దోపిడీ కాకుండా పోదు.

అందుకే ఉద్యమ డిమాండ్లలో ఈ నాలుగూ చేర్చాలని కోరుతున్నాం. ప్రతి వార్డుకీ ప్రతి షిఫ్టులో రిలీవర్‌ని వెయ్యాలి. రిలీవర్ రాని విరామాన్ని పని గంటగా లెక్కగట్టి జీతం ఇవ్వాలి. హ్యాండోవర్ సమయం హాజరు రిజిస్టర్‌లోకి ఎక్కాలి. తినడానికి వార్డు బయట ఒక గది, ఒక కుళాయి ఉండాలి.

1923 నుంచి కేజీహెచ్ శ్రీకాకుళం మొదలు ఒడిశా పల్లెల దాకా ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. అలాంటి ఊళ్లో రోగికి గంజి తాగించే చెయ్యి తన కేరేజీ విప్పుకోలేకపోవడం సిగ్గు. లేబర్ ఆఫీసు ముందుకి ఈ డిమాండ్లతో వెళ్దాం. ఆసుపత్రి పిల్లలు ముందు నడవాలి, వాళ్ల వెనక మనం నిలబడాలి.