అశుద్ధ మెవ్వరిది?

పత్రికలలో వ్రాయదగిన విషయములనియు, వ్రాయదగని విషయములనియు రెండు తెగలు గలవని మనవారి తలంపు. చంద్రోదయము, చెఱువుగట్టు, మామిడిచిగురు మొదటి తెగలోనివి. నేడు నేను వ్రాయబూనిన మలవిషయము రెండవ తెగలోనిది. ఇట్టి సంగతి నెత్తుకొన్నందులకు చదువరులను క్షమాపణ వేడుట మర్యాద. నేను వేడను. ప్రతి మనుష్యుడును ప్రతిదినమును చేయు పనిని గూర్చి మాటలాడుట అమర్యాద యగుచో, దాని ఫలమును పరునిచేత మోయించుట యెంతటి అమర్యాదయో ముందుగా తేల్చుకొనవలసి యున్నది.

2017వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఓరుగల్లు ప్రాంతమందలి గంగదేవిపల్లి గ్రామములో ఒక వింత జరిగెను. అప్పుడు కేంద్రప్రభుత్వపు తాగునీటి, పారిశుద్ధ్య శాఖకు కార్యదర్శిగా నుండిన పరమేశ్వరన్ అయ్యర్ గారు ఒక యింటి మరుగుదొడ్డి గోతిలోనికి దిగి, అందు చివికి యెండిన యెరువును స్వయముగా పైకి దీసిరి. అది కంపులేని నల్లని పొడిమన్నువలె నుండెను. దేశమందలి పత్రికలన్నియు దీనిని గొప్ప వార్తగా ప్రకటించినవి. మంచిదే. కాని చదువుకొన్న అధికారి చివికిన యెరువును ముట్టుట వార్త కాగా, తరతరములుగా పచ్చిమలమును ముట్టవలసివచ్చిన వారి చేతులు ఏనాడును వార్త కాకపోయెనే, అసలు వింత అది.

నేను చెప్పదలచినవి మూడు మాటలు. మన మలము నేలతల్లి సొత్తు. దానిని ఆమెకు మరల నీయవలెను. ఇచ్చునపుడు దానిలోని రోగబీజములు చచ్చువరకు ఆగి యీయవలెను. ఆ పని యెవరి యింటిది వారే చేయవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను మిగిలిన రెండును చెడును.

మొదటి మాట. పంట నేలనుండి నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగు వానిని పీల్చుకొనును. ఆ పంటను మనము తిందుము. తిన్నదానిలో పెరిగిన దేహమునందు మనకు నిలుచునది మిక్కిలి స్వల్పము, తక్కినదంతయు వెలికి పోవును. మన దేశపు ఆహారమును బట్టి ఒక్కొక్క మనుష్యునినుండి ఏటేట వెడలు నత్రజని సుమారు రెండుమూడు కిలోలు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గనుక, అయిదుగురు గల కుటుంబము ఏటికి సుమారు అరబస్తా యూరియాతో సమానమైన బలమును వెలువరించుచున్నదన్నమాట. ఇందు పెద్దభాగము మూత్రమునందే యున్నది. ఇంత బలమును కాలువ పాలుచేసి, పొటాషు కొరకు, భాస్వరము కొరకు పరదేశముల యోడలవైపు చూచుచున్నాము. కుండలోని కూడు కుండలోనే యుండవలెను, బిడ్డ దుడ్డువలె నుండవలెనను సామెత యిట్టివారి కొరకే పుట్టినది. పొలమున కేమియు నీయము, పంట మాత్రము పండవలెను!

ఇది క్రొత్తగా పుట్టిన వెఱ్ఱి కాదు. చైనా, కొరియా, జపాను దేశముల రైతులు తరతరములుగా మనుష్యమలమును పొలములకు మరల్చి భూసారమును నిలుపుకొన్న తీరును అమెరికా దేశస్థుడగు ఎఫ్. హెచ్. కింగ్ స్వయముగా చూచి వ్రాసిన గ్రంథము 1911లో వెలువడినది. మన దేశముననే ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డు 1924 మొదలు 1931 వరకు పనిచేసి, చెత్తను, పేడను పొరలుపొరలుగా పేర్చి, తిరుగవేసి, ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. తరువాత సి. ఎన్. ఆచార్య గారు పట్టణములలోని చెత్తను మలముతో గూడ గోతులలో పేర్చి మట్టితో మూసి చివికించు బెంగుళూరు పద్ధతిని ఏర్పరచిరి. విద్య లేక మన మిట్లుండలేదు. ఉన్న విద్యను రోతపడి యావల బెట్టితిమి.

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది అశుచి. మా పెరటిలో రెండుగోతుల మరుగుదొడ్డి యున్నది. మొదటి గోయి నిండగా మూసి, రెండేండ్లు దానిని కదలింపక, పిమ్మట నేనే త్రవ్వి ఆ యెరువును అరటిపాదులకు వేసితిని. గెల విరివిగా దిగెను. పొరుగూరినుండి వచ్చిన మా పెదతండ్రిగారు పండు చేతబట్టుకొని, "ఏమి యెరువు వేసితివిరా?" యని యడిగిరి. చెప్పితిని. పండు క్రింద బెట్టిరి. "పెదనాన్నగారూ, మీ యింటి సెప్టిక్ ట్యాంకును ఎవరు తోడెదరు?" అని యడిగితిని. "దానికి మనుష్యులున్నారురా" యనిరి.

ఆ యొక్క మాటలో మన శౌచశాస్త్రమంతయు నిమిడియున్నది. రెండేండ్లు మన్నులో మన్నై చివికినది అశుచియట, ముట్టరాదట. పచ్చిమలము మాత్రము శుచియా? కాదు, అయినను దానిని ముట్టుటకు మనుష్యులున్నారు! ఆ మనుష్యులెవ్వరు? ఏ కులములవారో చెప్పనక్కరలేదు. 1993లో పాకీపనిని నిషేధించుచు ఒక శాసనము పుట్టెను. చాలక 2013లో మరియొకటి పుట్టెను. మురుగుగోతులలో దిగి మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయల పరిహార మీయవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2023లో దానిని ముప్పదిలక్షలకు పెంచెను. పరిహారము పెరిగెను, చావులు మాత్రము ఆగలేదు. మూతవేసిన తొట్టిలో కుళ్లిన మలమునుండి పుట్టు విషవాయువు ఊపిరి తీయుటకు క్షణకాలము చాలును. ఒకని రక్షింప దిగిన రెండవవాడును అందే కూలుచున్నాడు. మన చేతికి మట్టి యంటకుండుటకై పరుని ప్రాణము పోవుచుండ, దీనిని మడి యని పిలుచుట కెట్లు నోరాడును?

రెండవ ఆక్షేపణ వైద్యులది. దీనిని నేను శిరసావహింతును. పచ్చిమలములో విషూచి, రక్తగ్రహణి, టైఫాయిడు మొదలగు వ్యాధుల క్రిములుండును. ఏలికపాముల గుడ్లయితే నేలలో ఏండ్లతరబడి చావక నిలువగలవు. పచ్చిమలమును చల్లిన చైనా పొలములలో వట్టికాళ్లతో నడచిన రైతులను కొంకిపురుగులు పీడించెను. కాబట్టి పచ్చిమలమును కూరమడులలో పోయువాడు సంస్కర్త కాడు, ఊరికి శత్రువు. ట్యాంకరుతో తోడిన బురదను రాత్రివేళ పొలములో కుమ్మరించు వ్యాపారమును అట్టిదే. కాని యీ ఆక్షేపణ పచ్చిమలమునకే గాని చివికిన యెరువునకు చెల్లదు.

క్రిములను చంపునవి ముఖ్యముగా రెండు: వేడిమి, కాలము. గడ్డి, ఆకులు, రంపపుపొట్టు సమృద్ధిగా కలిపి పేర్చిన కుప్ప తనంతట తాను వేడెక్కును. కుప్ప యంతటను 62 డిగ్రీల వేడిమి ఒక గంట, 50 డిగ్రీలు ఒక దినము, 46 డిగ్రీలు ఒక వారము, 43 డిగ్రీలు ఒక నెల నిలిచినచో రోగబీజములు నశించునని 1983లో ప్రపంచబ్యాంకు పక్షమున ప్రకటింపబడిన పరిశోధనగ్రంథము లెక్కగట్టినది. అయితే కుప్ప అంచులు చల్లగా నుండును గనుక వేడిమి నొక్కదానినే నమ్మరాదు. వేడి చల్లారిన పిమ్మట ఏడాదికాలము మాగనీయవలెను. కుప్పలో నత్రజని యొకపాలునకు కర్బనము ఇరువదియైదు ముప్పది పాళ్లుండుట మేలు. మలమూత్రములలో నత్రజని హెచ్చు గనుక పొడిచెత్త ధారాళముగా వేయవలెను. కంపు కొట్టినచో చెత్త చాలలేదని యర్థము; మరికొంత కప్పినచో కంపు పోవును, ఈగయు పోవును.

ఇంతటి శ్రద్ధకు తీరికలేని గృహస్థునకు రెండుగోతుల పద్ధతి యున్నది. సుమారు మీటరు వెడల్పు, మీటరు లోతు గల రెండు గోతులు, వాని గోడలలో ఇటుకల నడుమ సందులు, అడుగున గచ్చు లేని నేల. ఒకదానినే వాడుచుండవలెను. అది నిండగానే దారి మార్చి రెండవదానిని వాడుచు, మొదటిదానిని ఏడాదికి తక్కువ గాకుండ, వీలైన రెండేండ్లు, మూసియుంచవలెను. నీరు నేలలో నింకును, కాలము తన పనిని తాను చేసికొనును. ఇందు నత్రజనిలో చాలభాగము నీటితో నింకిపోవుననుట నిజమే. అయినను మిగిలినది మంచి యెరువే. ఆ యెరువును చెట్లకు, పూలమొక్కలకు, వండి తిను కాయల పాదులకు మన్నుతో కప్పివేయుడు. పచ్చిగా తిను ఆకుకూరలకు, ముల్లంగివంటి దుంపలకు వేయకుడు. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనుడు.

ఇది అన్ని నేలలకును చెల్లదని గూడ చెప్పుట నా విధి. గోదావరీ కృష్ణా డెల్టాలవలె కొన్ని మూరల లోతుననే నీరూరు చోట్ల గోయి త్రవ్వినచో మలము బావినీటిలో కలియును. అచ్చట నేలపై నెత్తుగా గట్టిన తొట్లే శరణ్యము. ఎచ్చటనైనను బావికి పదిమీటర్ల లోపల గోయి కూడదు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బరువైనది. దానిని చెప్పువారు పాకీపనికి బలియైన కులములవారు. "మలమును ఎరువు చేయుడని మీరు ప్రబోధింతురు, తీరా పని వచ్చుసరికి గంపయు పారయు మా చేతికే యిత్తురు" అని వారనుచున్నారు. వారి శంక నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మన చరిత్ర వేరొక సాక్ష్యము చెప్పదు. దీనికి మాటలతో సమాధానము లేదు, చేతలతోనే కలదు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్లిన గాంధీగారు అచ్చటి పాయిఖానాల దుస్థితి జూచి, ఆ పని మాది కాదన్న స్వచ్ఛందసేవకుల నెదుట తామే చీపురు పట్టిరి. నూటయిరువది యేండ్లు దాటినను ఆ సేవకుల మాటనే మనము వల్లించుచున్నాము.

కాబట్టి నియమ మొక్కటే: తన గోతిని తానే తీయలేనివాడు ఎరువును గూర్చి ఉపన్యసింపరాదు. కూలికి మనిషిని పెట్టి తీయించిన యెరువుతో పూచిన గులాబి నా దృష్టిలో ఆ పాతగంపకు పూచిన పువ్వే. పచ్చిమలమును ఎవ్వరును ముట్టనక్కరలేని పద్ధతి చేతనున్నది; చివికినదానిని ఎవ్వరైనను ముట్టవచ్చును. అయినపుడు ముట్టవలసినవాడు ఇంటి యజమానుడు గాక మరెవ్వరు?

చదువరులారా! సంస్కరణమనగా సభలు, తీర్మానములు మాత్రమే యని తలంపకుడు. మీ యింటి మలము ఎచ్చటికి పోవుచున్నదో, ఎవరి చేతులమీదుగా పోవుచున్నదో ఈ దినముననే విచారించి తెలిసికొనుడు. తెలిసికొన్న పిమ్మట నిద్రపట్టినవారితో నాకు వాదము లేదు. నిద్రపట్టనివారు రేపు ప్రొద్దున పార చేతబట్టి పెరటిలోనికి వచ్చెదరుగాక.