ఫోన్ కెమెరా మెరుగైంది... మరి ఫొటో తీసే మనం?

కెమెరా రివ్యూ తెరిస్తే మనలో చాలామంది ముందు వెళ్లేది శాంపిల్ ఫొటోల దగ్గరికే. రెండు వేళ్లతో జూమ్ చేస్తాం, నాయిస్ ఉందేమో చూస్తాం, మొహం నీట్‌గా వచ్చిందంటే మార్కులు వేసేస్తాం. నేనూ అంతే చేసేవాణ్ని. పోయినేడాది మా నానమ్మ చనిపోయాక ఆ లెక్క మారిపోయింది.

పెద్దకర్మకి ఫొటో ఫ్రేమ్ కట్టించాలి. అంతకుముందు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నానమ్మని అరుగు మీద కూర్చోబెట్టి తీసిన పోర్ట్రెయిట్ నా ఫోన్లో ఉంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్, కలర్స్ అన్నీ చక్కగా కుదిరాయి. ఇన్‌స్టాలో పెడితే అందరూ మెచ్చుకున్నారు కూడా. దాన్నే తెనాలిలో ఒక స్టూడియోకి తీసుకెళ్లి 12×18 సైజులో ప్రింట్ చెప్పాను. స్టూడియో ఆయన మానిటర్ మీద పెద్దది చేసి చూసి, "ఫోన్ ఫొటోనా బాబూ?" అన్నారు. అప్పుడు కనిపించింది. నానమ్మ నుదుటి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు లేదు. బుగ్గల మీద ముడతలు సగం మాయం. చర్మం మైనం పూసినట్టుంది. పక్కనే ఉన్న నాన్న కాసేపు చూసి, "ఇది అమ్మలా లేదురా" అన్నారు.

చివరికి 2011లో బాబాయి ఏదో చిన్న డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటో వాడాం. ఫ్లాష్ సూటిగా మొహం మీద పడింది, కొంచెం షేక్ అయింది కూడా. కానీ అందులో ఉన్నది నానమ్మే.

ఆ ఫోన్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే ఫేస్ స్మూతింగ్ ముందు నుంచీ ఆన్‌లోనే ఉంది. రెండేళ్లు వాడాను, ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ ఫీచర్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలి, ఏది ఆఫ్‌లో ఉండాలి అని గంటలకొద్దీ మీటింగుల్లో వాదించుకుంటాం. ఎందుకంటే ఒకసారి డిఫాల్ట్ పెట్టేశాక ఎక్కువమంది దాని జోలికి వెళ్లరని మాకు తెలుసు. డిఫాల్ట్ అంటే ఎక్కడో ఎవరో తీసుకున్న నిర్ణయం. మా నానమ్మ మొహం ఎలా ఉండాలన్నది కూడా అలా ఒకరు ముందే నిర్ణయించేశారు, నేను సరేనని బటన్ నొక్కాను. అంతే.

అసలు బటన్ నొక్కితే ఏం జరుగుతోంది?

ఇప్పటి ఫోన్ ఒక్క ఫొటో తీసి ఊరుకోదు. వరుసగా చాలా ఫ్రేమ్‌లు తీస్తుంది, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చేలా సర్దుతుంది, నాయిస్ తగ్గిస్తుంది, నీడల్ని వెలిగిస్తుంది, ఆకాశం తెల్లగా మాడిపోకుండా చూస్తుంది. దీనికి కారణం ఫిజిక్సే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. మంచి ఫోన్లలో కనిపించే 1/1.3 అంగుళాల సెన్సర్‌తో పోలిస్తే వైశాల్యంలో సుమారు 12 రెట్లు పెద్దది. అంత చిన్న సెన్సర్‌కి వెలుతురు తక్కువ అందుతుంది కాబట్టి ఆ లోటుని సాఫ్ట్‌వేర్ పూడ్చాలి. 2016లో వచ్చిన మొదటి పిక్సెల్‌కి వెనకాల ఉన్నది ఒకే ఒక్క 12 మెగాపిక్సెల్ కెమెరా. అయినా దాని ఫొటోల గురించి అందరూ మాట్లాడుకున్నారంటే ఈ లెక్కల వల్లే. 2018లో గూగుల్ నైట్ సైట్ వచ్చాక చీకట్లో ఫొటోలంటే ఉన్న భయం కూడా పోయింది.

దీన్ని నేను తప్పుపట్టను. ధనుర్మాసంలో తెల్లవారుజామున అమ్మ వేసిన ముగ్గుని ట్రైపాడ్ లేకుండా, చేత్తో పట్టుకుని తీయగలుగుతున్నానంటే అది నైట్ మోడ్ పుణ్యమే. ఉన్న వెలుతురుని పోగుచేసి చూపించడం వరకు నాకు అభ్యంతరం లేదు. లేనిది చేర్చడం, ఉన్నది చెరిపేయడం దగ్గరే పేచీ.

ఆ గీత ఎక్కడుందో 2023లో గట్టిగానే చర్చ జరిగింది. మార్చిలో ఒక రెడిట్ యూజర్ చంద్రుడి ఫొటోని బాగా చిన్నది చేసి, బ్లర్ చేసి, మానిటర్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. మానిటర్ మీద లేని వివరాలు ఫోన్ ఫొటోలోకి వచ్చేశాయి. చంద్రుణ్ని గుర్తుపట్టి వివరాలు పెంచే ఏఐ తమ కెమెరాలో ఉందని, దాన్ని ఆఫ్ చేసుకోవచ్చని కంపెనీ వివరణ ఇచ్చింది. ఏప్రిల్‌లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచి, అది ఏఐతో చేసిన బొమ్మ అని చెప్పి బహుమతి వద్దన్నాడు. అక్టోబర్‌లో వచ్చిన పిక్సెల్ 8 అయితే గ్రూప్ ఫొటోలో ఒక్కొక్కరి మొహాన్ని వేరే షాట్ నుంచి తెచ్చి అతికించే ఫీచర్ తెచ్చింది. అదే నెలలో లైకా ఎం11-పి వచ్చింది. ఫొటో ఎక్కడ పుట్టింది, దానికి ఏ మార్పులు జరిగాయి అన్న వివరాలకు డిజిటల్ సంతకం చేసే కెమెరా అది. మొహాలు మార్చే ఫోనూ, ఇది మార్చలేదని రుజువు చూపించే కెమెరా ఒకే నెలలో వచ్చాయి. ఫొటోగ్రఫీ ఇప్పుడు ఎక్కడుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అలాంటప్పుడు నేర్చుకోవాల్సింది ఏమైనా మిగిలిందా? మిగిలింది. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ తెలుసు కదా, ఆయన కూడా మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడే. రూర్కీలోని థామసన్ కాలేజీలో చదువుకుని, తర్వాత ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. ఆయన కాలంలో ఫొటో అంటే గాజు పలక. ఒక పలకకి ఒక ఫొటో. ఎక్కడ నిలబడాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి, నీడ ఎంత ఉండాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. ఇవాళ నొక్కడం సులువైంది, పోయింది ఈ తేల్చుకోవడమే. మళ్లీ నేర్చుకోవాల్సింది కూడా అదేనని నా అభిప్రాయం.

నానమ్మ ఫొటో తర్వాత నేను మొదలుపెట్టినవి ఇవి. ఏదీ ఖర్చుతో కూడుకున్నది కాదు.

మొదటిది, బ్యూటీ, ఫేస్ స్మూతింగ్, సీన్ ఆప్టిమైజర్ లాంటివన్నీ ఆఫ్ చేశాను. కొన్ని ఫోన్లలో ముందు కెమెరాకి, వెనక కెమెరాకి వేర్వేరుగా ఉంటాయి, రెండూ చూసుకోవాలి.

రెండోది, మనుషుల్ని మెయిన్ కెమెరాతో దగ్గరికెళ్లి తీయడం మానేశాను. అది వైడ్ లెన్స్, దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెడితే మనిషి మనిషిలా ఉంటాడు.

మూడోది, ఎక్స్‌పోజర్‌ని నేనే కొంచెం తగ్గించడం. ఫోన్‌కి నీడలంటే పడదు, అన్నీ వెలిగించేస్తుంది. సాయంత్రం చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో తీస్తే ఆ గాజుల కొట్ల మెరుపు తెలిసేది చుట్టూ చీకటి ఉంటేనే. అది తెలియడానికి నాకు వంద చెత్త ఫొటోలు పట్టింది.

నాలుగోది, ముఖ్యమైన ఫొటోలు ప్రో మోడ్‌లో, రా ఫైల్‌గా కూడా దాచుకోవడం. ఒక్కోటి 20 ఎంబీ దాటొచ్చు. మొదట్లో నా రా ఫొటోలు ఆటో మోడ్ కంటే దారుణంగా ఉండేవి. డల్‌గా, నాయిస్‌తో. మూడు నెలలు పట్టింది ఎడిటింగ్ చేతికి రావడానికి. ఇప్పటికీ పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే ఆటోనే వాడతాను, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చివరిది, నెలకొక ప్రింట్. ఆరంగుళాల స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. మైనం మొహాలు బయటపడేది కాగితం మీదే.

రివ్యూలు రాసేవాళ్లకీ, చదివే మనకీ కూడా ఒక మాట. ఎన్ని మెగాపిక్సెల్స్, ఎంత జూమ్ అని అడుగుతున్నాం, బాగానే ఉంది. దానితోపాటు ఈ ప్రాసెసింగ్‌ని పూర్తిగా ఆఫ్ చేయొచ్చా, ఆఫ్ చేశాక నిజంగా ఆఫ్ అవుతోందా అని కూడా అడగాలి. ఒకే మొహాన్ని ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టాలి. ముడతలున్న మొహాన్ని కూడా శాంపిల్స్‌లో చూపించాలి. మనం అడగనంత కాలం, నున్నటి మొహాలే జనానికి కావాలని కంపెనీలు అనుకుంటూనే ఉంటాయి.

ఈ సంక్రాంతికి అదే అరుగు మీద, పక్కనుంచి వచ్చే ఎండలో నాన్నని తీశాను. 3ఎక్స్‌లో, ఏ స్మూతింగూ లేకుండా. ప్రింట్ చేతికిస్తే, "ఏంట్రా, ఇంత ముసలాడిలా తీశావ్" అని విసుక్కున్నారు. సాయంత్రం చూస్తే ఆ ప్రింట్ ఆయన బీరువాలో, నానమ్మ పాత ఫొటో పక్కన ఉంది.