ముర్రుపాలకు అడ్డం ఎవరు?

మా వాడ ఆడబిడ్డకు మొన్న సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పొద్దున 10 గంటలకు లోపలికి తీసుకపోయిండ్రు. 11 కాకముందే బిడ్డ ఏడుపు వరండాలో కూర్చున్న మాకు వినబడింది. ఆ బిడ్డ తల్లి రొమ్ము పట్టింది మాత్రం సాయంత్రం 5 గంటలకు. తల్లి బాగానే ఉంది, బిడ్డా బాగానే ఉన్నాడు. మరి మధ్యలో ఆరు గంటలు ఎవరు మింగారు?

లెక్క చెప్తాం వినండి. బిడ్డను తుడిచి, తూకం వేసి, గుడ్డలో చుట్టి ఆయమ్మ తలుపు దాకా తెచ్చింది. "మొగపిల్లగాడు, వెయ్యి రూపాలియ్యాలె" అన్నది. ఆడపిల్లయితే ఐదు వందలట! తండ్రి జేబులో ఆరు వందలున్నయి. బేరం నడుస్తుంటే బిడ్డ నోరు తెరిచి వెతుక్కుంటున్నాడు, పిడికిలి చప్పరిస్తున్నాడు. తలా కొంత వేసి ఇచ్చినంక నానమ్మ ఒళ్ళోకి వచ్చాడు గాని తల్లి దగ్గరికి పోలేదు. తల్లికి కుట్లేసి ఇంకో గదిలో పండబెట్టారు. అక్కడికి ఎవరూ పోవద్దు. వార్డుకు తెచ్చినంక పట్టియ్యండి అన్నారు. వార్డులో మంచం ఖాళీ లేదు. బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే "డబ్బా పాలు తెచ్చుకోండి" అని నర్సమ్మే సలహా ఇచ్చింది. ఎదురుగనే మందుల షాపు. ఒక రోజు కూలి అక్కడ పోయింది.

లోపల ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. ఆమె మా బళ్ళో చదివిన పిల్లే. ముర్రుపాల గురించి మేమే పాఠం చెప్పినం. నడుముకు సూది వేసి చేసిన ఆపరేషన్ గనుక ఆమెకు తెలివి ఉంది, అన్ని మాటలూ వినబడుతున్నాయి. బిడ్డ ఏడుపు విని, "ఒక్కసారి నా రొమ్ము మీద పెట్టుండ్రి మేడం" అని అడిగింది. "డాక్టర్ కన్నా నీకెక్కువ ఎరుకనా? సప్పుడుజెయ్యక పండు" అన్నారు. ఇంకొకామె "ఈ వాడలోళ్ళు గిట్లనే ఉంటరు" అని నవ్విందట. పరీక్షలో అదే జవాబు రాస్తే మేం మార్కులేసినం.

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? పుట్టిన వెంటనే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టాలని, మొదటి గంటలోనే పాలు పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఏళ్ళ తరబడి ఆస్పత్రులకు చెబుతున్నాయి. 2018లో ఆ పది సూత్రాలను సవరించి మళ్ళీ చెప్పాయి. ఆపరేషన్ అయిన తల్లికి ఇందులో మినహాయింపు లేదు. నడుముకు సూది ఇచ్చిన తల్లికి, కుట్లు పడుతుండగానే, ఒక నర్సు పక్కన నిలబడి పట్టుకుంటే బిడ్డను రొమ్ము మీద పెట్టవచ్చు. పూర్తిగా మత్తు ఇచ్చిన తల్లికైతే తెలివి రాగానే పట్టించాలి. పక్కకు ఒత్తిగిలి పడుకున్నా, బిడ్డను చంక కింద పట్టుకున్నా కుట్ల మీద బరువు పడదు. బిడ్డ చీకుతుంటే గర్భసంచి ముడుచుకుంటుంది, నెత్తురు పోవడం తగ్గుతుంది. ముర్రుపాలు చెంచాడే వస్తాయి నిజమే, మొదటి రోజు బిడ్డ కడుపుకు అవి చాలు. రోగాలను ఆపే శక్తి వాటిలోనే ఉంది. బిడ్డకు ఊపిరి అందకపోయినా, నెలలు నిండకపోయినా సంగతి వేరు. అప్పుడు కూడా పాలు పిండి పట్టించే దారి ఉంది. మా బిడ్డకు అలాంటి కష్టమేదీ లేదు.

ఆపరేషన్ కోత వల్ల పాలు ఒక పూట ఆలస్యంగా దిగవచ్చు. అందుకే తొందరగా, మాటిమాటికి చీకించాలి. వీళ్ళు చేసేది తలకిందులు. ఆరు గంటలు విడదీసి, డబ్బా పాలతో కడుపు నింపి, సాయంత్రం "నీకు పాలు పడలే" అని తల్లి మీదనే నేరం మోపుతారు. డబ్బా పాల ప్రచారాన్ని ఆస్పత్రుల్లో నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ఆ వార్డు గుమ్మం దాటినట్టు లేదు.

ఇదేదో ఒక్కామె గోస కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 100 కాన్పుల్లో 21 ఆపరేషన్లయితే తెలంగాణలో 60. ప్రైవేటులో 80 దాటాయి. మొదటి గంటలో తల్లిపాలు అందిన బిడ్డలు మన రాష్ట్రంలో 100కు 37 మందే. కోత కోయడంలో దేశానికి ముందున్నాం, బిడ్డను తల్లికి అప్పజెప్పడంలో వెనుక.

ఆయమ్మను తిట్టి ఊరుకుందామా? ఆమె కూడా మన వాడ మనిషే. కాంట్రాక్టరు కింద పని, నెలల తరబడి జీతం రాదు. నెత్తురు గుడ్డలెత్తేది ఆమె, నలుగురిలో దొంగ అనిపించుకునేదీ ఆమెనే. మన బిడ్డను మనకు అమ్మే పని మన మనిషి చేతనే చేయిస్తున్న కాంట్రాక్టరును, చూసీ చూడనట్టుండే పెద్ద డాక్టర్లను ఎవరూ అడగరు. అయినా సరే, ఆ వెయ్యి తప్పే. ఆమె ముఖం మీదనే చెప్పినం. ఆమె తల దించుకున్నది. మాకూ మనసున పట్టలేదు.

మన తప్పులు కూడా ఒప్పుకోవాలె. ముర్రుపాలు పిండి పారబోసే ముసలమ్మలు, తేనె నాకించే పెద్దలు మన వాడల్లో ఇంకా ఉన్నారు. ఆ రోజు నానమ్మ కొంగున తేనె సీసా ఉండె. మేం లాక్కున్నాం, అలిగింది.

1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు మీద మాట్లాడుతూ బాబాసాహెబ్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అని వాదించారు. కాన్పు ఆడవాళ్ళ ఇంటి గొడవ అని వదిలెయ్యలేదు. మన సంఘాల్లో మాత్రం ఇది మీటింగు ఎజెండాకు ఎక్కదు. రిజర్వేషన్లు, భూమి, దాడుల గురించి గంటలు మాట్లాడతాం. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళ సంగతి చివరన, టీ తాగేటప్పుడు.

"సిబ్బంది లేరు" అంటుంది ఆస్పత్రి. నిజమే, ఇద్దరు నర్సులు ఆ మంచాలన్నీ చూస్తున్నారు. నింపాలని మేమే కొట్లాడతాం. అప్పటిదాకా కుట్లేసిన గదిలోకి తల్లి కోరుకున్న ఒక ఆడమనిషిని రానియ్యండి, బిడ్డను ఆమె పట్టుకుంటది. దీనికి బడ్జెట్టు ఎందుకు? ఆపరేషన్ అయిన ప్రతి తల్లి కేసు షీటు మీద బిడ్డ పుట్టిన టైము పక్కన మొదటిసారి పాలు పట్టిన టైము రాయమంటున్నాం. డబ్బా పాలు తెమ్మన్నవాళ్ళు ఎందుకు తెమ్మన్నారో సంతకం పెట్టి రాయాలె. ఆయమ్మలకు నెల నెలా జీతం ఇయ్యాలె.

వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఈ కాగితం ఇస్తున్నాం. చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చేవాళ్ళు మీ ఇళ్ళల్లో ఆపరేషన్ అయిన తల్లులను అడిగి రాసుకొని రండి. పేర్లు అక్కర లేదు. బిడ్డ ఎన్ని గంటలకు పుట్టాడు, తల్లి ఎన్ని గంటలకు చూసింది, ఎన్ని గంటలకు పాలిచ్చింది, తలుపు దగ్గర ఎంత ఇచ్చుకున్నారు, ఇవి రాస్తే చాలు.