చూస్తున్నాం సరే, అడుగుతున్నామా?

దుబ్బాక మగ్గాల ఊరు. మగ్గం కూడు పెట్టలేని రోజుల్లో ఎన్నో నేత కుటుంబాలు భివండి, సోలాపూర్, సూరత్ దారి పట్టాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు. ఇక్కడ ఏ వాడకట్టుకు వెళ్లినా, దూరాన ఉన్న మనిషి కోసం ఎదురుచూసే ఇల్లు ఉంటుంది.

ఒకప్పుడు ఆ ఇళ్లకు ఉత్తరమే దిక్కు. రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాటలు నింపి, సెలవుకు వచ్చేవాళ్లతో పంపేవారు. తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ రావడంతో రోజులే మారిపోయాయి. వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్న యూఏఈలో మనవాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లతోనైనా ఇంటి ముఖాలు చూసుకున్నారు. పుట్టిన బిడ్డను తండ్రి ఆ రోజే చూస్తున్నాడు. సద్దుల బతుకమ్మ ఆటను పరదేశంలోని ఆడబిడ్డ కళ్లారా చూస్తోంది. ఇది గొప్ప మేలు.

అయితే రోజూ చూసుకుంటున్న మనం ఒకరినొకరు అడగడం తగ్గించాం. వాట్సాప్ గ్రూపులో ఎవరి తండ్రో పోయాడన్న కబురు వస్తుంది. నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు వరుస కడతాయి. సాయంత్రానికి క్రికెట్ ముచ్చట మొదలవుతుంది. ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారని అందరూ అనుకుంటారు, ఎవరూ చేయరు. ఊళ్లోనైతే వాడకట్టంతా పోయి మందలించేది, పొయ్యి వెలగని ఇంటికి చుట్టాలు బువ్వ వండుకొని తెచ్చేవారు. లేబర్ క్యాంపులోని తమ్ముడు వీడియోలో నవ్వితే ఇంట్లోవాళ్లు "మంచిగనే ఉన్నడు" అనుకుంటారు. జీతం రాని సంగతి, పట్టేసిన నడుము ఆ తెరలో కనిపించవు. గుచ్చి అడిగితేనే బయటపడతాయి.

తప్పు ఫోనుది కాదు, కాబట్టి దిద్దుకోవడమూ మన చేతిలోనే ఉంది. ఈ ఏడాది మన సంఘం తరఫున మూడు పనులు తలపెడదాం. చావు కబురు వచ్చిన రోజే దగ్గర్లోని సభ్యుడు ఆ కబురు అందుకున్న మనిషి గదికి వెళ్లి పక్కన కూర్చోవాలి. ఒంటరిగా ఉంటున్న కార్మికుడితో వారానికోసారి విడిగా మాట్లాడి జీతం, ఆరోగ్యం గురించి గుచ్చి అడగాలి. సెలవుకు ఊరెళ్లేవాళ్లు తోటి సభ్యుల తల్లిదండ్రులను కూడా కలిసి, మందులు, పింఛను సంగతి కనుక్కొని రావాలి. వీటికి కొత్త యాప్ అక్కర్లేదు. ఎవరు ఏ పనికి ముందుకొస్తారో ఈ నెలలోనే కార్యవర్గానికి పేర్లు ఇవ్వండి.