బ్రాకెట్టే కదా అనుకోకండి



మా హాస్టల్లో కంప్యూటర్ కోర్సు వాళ్ళం ఈ మధ్య అండ్, ఆర్ మీదే వాదించుకుంటున్నాం. చిన్న విషయమే అంటారు కొందరు. మేం ఒప్పుకోం. ఆన్‌లైన్ ఫారం నింపితే మనల్ని ముందు చూసేది ఎవరో రాసిన ఇఫ్ కండిషనే.

కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చూడండి. ఎస్టీ, ఎస్సీ స్కీములు వేరు, ఆదాయ పరిమితి మాత్రం ఒకటే, ఏడాదికి 2.5 లక్షలు. రెండూ ఒకే కండిషన్‌లో రాయాలనుకుందాం. నోటితో "ఎస్టీలకీ ఎస్సీలకీ ఇస్తారు" అంటాం. ఆ 'కీ' వినగానే చెయ్యి అండ్ కొట్టేస్తుంది. కానీ ఒక్క మనిషి సర్టిఫికెట్‌లో రెండూ ఉండవు కదా, అండ్ పెడితే ఒక్కరికీ రాదు. అక్కడ ఆర్ ఉండాలి.

ఆర్ పెట్టినా తిరకాసు ఉంది. "ఎస్టీ ఆర్ ఎస్సీ అండ్ ఆదాయం 2.5 లక్షల లోపు" అని బ్రాకెట్ లేకుండా రాస్తే సీ, జావా, పైథాన్ మూడింట్లోనూ అండ్‌దే ముందు వంతు, కూడిక కన్నా గుణకారం ముందు చేసినట్టు. ఆదాయం షరతు ఎస్సీకే అంటుకుంటుంది. ఎస్టీ అయితే పది లక్షలున్నా పాస్. మనకి లాభమే కదా అని మావాళ్ళు నవ్వారు. సీట్లు లెక్కపెట్టి ఇచ్చే చోట అదే కండిషన్ పడితే పోయేది పోడు చేసుకునే ఇంటి పిల్ల సీటే. (ఎస్టీ ఆర్ ఎస్సీ) అని ముందు బ్రాకెట్‌లో పెట్టి, తర్వాత అండ్ ఆదాయం అనాలి.

అసలు భయం రిజెక్ట్ చేసే కండిషన్‌తో. "ఎస్టీ కాకపోతే ఆర్ ఎస్సీ కాకపోతే రిజెక్ట్." వినడానికి బానే ఉంది. ఎస్టీ పిల్ల ఎస్సీ కాదు, రిజెక్ట్. ఎస్సీ పిల్లోడు ఎస్టీ కాదు, రిజెక్ట్. అందరూ బయటే! అక్కడ అండ్ కావాలి. నాట్ బ్రాకెట్ లోపలికి వెళ్తే ఆర్ కాస్తా అండ్ అవుతుంది. దీన్నే డి మోర్గాన్ సూత్రం అంటారు. ఆయన 1806లో పుట్టింది మధురైలోనే, ఆ మాట క్లాసులో ఎవరూ చెప్పలేదు.

ఏఐ రాసిపెడుతుంది, నీకెందుకు అనే సీనియర్లున్నారు. రాసిపెట్టనీ అన్నా, అది తప్పో ఒప్పో చూసేదెవరు? ఒక్క ఎస్టీ పేరుతో టెస్ట్ చేసి సరిపోయింది అంటే కుదరదు. ఎస్టీ తక్కువ ఆదాయం, ఎస్టీ ఎక్కువ ఆదాయం, ఎస్సీ రెండు రకాలు, ఈ రెండూ కాని వాళ్ళు రెండు రకాలు. ఆరుగుర్నీ కాగితం మీద నిలబెట్టి ఒక్కొక్కర్నీ కండిషన్ గుండా పంపాలి. సిస్టమ్ దొరకని రోజు కూడా చెయ్యొచ్చు.

మీ ల్యాబ్‌లో ఇచ్చిన కండిషన్లు ఇక్కడ పెట్టండి, తెలుగులోనే చదివి చూద్దాం.