నేలే కదిలిన చోట శాశ్వత జెట్టీ

అండమాన్‌లోని శ్రీ విజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరికి, శివారు ఆస్టినాబాద్. ఆ శివార్లలోనే సిప్పీఘాట్ ఉంది. 2004 డిసెంబరు 26కు ముందు అక్కడ పొలాలుండేవి. ఆ రోజు వచ్చిన నీరు చాలావరకు తిరిగి వెళ్లనే లేదు. సునామీ అల తగ్గింది కానీ, భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు కుంగిపోయింది. అదే భూకంపానికి వాయవ్యాన ఇంటర్‌వ్యూ ద్వీపం తీరం పైకి లేచి, నీటి అడుగున ఉండే పగడపు దిబ్బలు బయటపడ్డాయి.

ఇలాంటి నీటి అంచున ఇల్లున్నవారు పడవ కట్టుకోవడానికి శాశ్వత జెట్టీ వేసుకుంటామని అనుమతి అడిగితే ఏం చెప్పాలి?

ముందుగా తేలాల్సింది అది చెరువా, సముద్రమా అన్నది. చూపుకు చెరువులాగే ఉన్నా, ఆటుపోట్లు తగిలే నీటిని చట్టం సముద్రంతో కలిపే చూస్తుంది. తీర నియంత్రణ నిబంధనల్లో ఆ హద్దును ఉప్పుతో కొలుస్తారు. ఏడాదిలో బాగా ఎండిన రోజుల్లో కిలో నీటికి 5 గ్రాముల ఉప్పు ఉండే చోటు దాకా అది సముద్ర ప్రభావం కిందే లెక్క. కాబట్టి ఇక్కడి దరఖాస్తు 2019 నాటి ద్వీప తీర నియంత్రణ ప్రకటన పరిధిలోకి వస్తుంది, తీర ప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ ముందుకు వెళ్తుంది. అదే మంచినీటి సరస్సయి, రక్షిత చిత్తడి నేలగా ప్రకటించినదైతే 2017 నిబంధనలు వర్తిస్తాయి. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణం కూడదని అవి చెబుతాయి. అయితే పడవల జెట్టీలకు మాత్రం మినహాయింపు ఇస్తాయి.

ఆ మినహాయింపు దగ్గరే చిక్కు. జెట్టీ అంటే ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎవరి కోసం అన్నది నిబంధనలు నిర్వచించలేదు. నాలుగు వెదురు బొంగుల మీద పరిచిన పలకా జెట్టీయే, కాంక్రీటు స్తంభాల మీద లేచిన వసారా కూడా జెట్టీయే. డోంగీ నడుపుకునే తెలుగు మత్స్యకార కుటుంబానికి మొదటిది బతుకుతెరువు. రెండింటికీ ఒకే కాగితాల దొంతర పెడితే మత్స్యకారుడు అనుమతే అడగడు, ప్లీడరును పెట్టుకోగలిగినవాడు మాత్రం తెచ్చుకుంటాడు.

గీతల తగాదా తెలుగువారికి కొత్తేమీ కాదు. 1999లో కొల్లేరు అభయారణ్యానికి +5 కాంటూరును హద్దుగా పెట్టారు. ఆ గీత లోపలి చేపల చెరువులను 2006లో పగలగొట్టినప్పటి గొడవ చాలామందికి గుర్తే. కొల్లేరులో కనీసం నేల ఉన్నచోటే ఉంది. అండమాన్‌లో ఇండియన్ పలక బర్మా పలక కిందికి దిగుతూనే ఉంది. భూకంపం తర్వాత పోర్ట్ బ్లెయిర్ దగ్గరి నేల మళ్లీ కొంత పైకి వస్తున్నట్టు జీపీఎస్ కొలతలు చూపాయి. ఇక రోజువారీ కదలిక సంగతి చూస్తే, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు 2 మీటర్లు. ఇలాంటి చోట కాంక్రీటు జెట్టీ కొన్నేళ్లకు పోటులో మునగవచ్చు, లేదా పాటు వేళ పడవకు అందకుండా గాలిలో నిలవవచ్చు. నీటితో లేచి దిగే తేలియాడే జెట్టీకి ఈ బాధ తక్కువ. పైగా దాన్ని విప్పి తీసేయవచ్చు.

తేలియాడేదానికీ ఒక లోపం ఉంది, అది నీడ. నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది గనుక దాని కింద వెలుతురు దాదాపు ఉండదు, సముద్రపు గడ్డి బతకదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 2001 నాటి మార్గదర్శకాలు ఈ లెక్కతోనే సాగాయి. గడ్డి ఉన్నచోట జెట్టీ పోటు మట్టానికి కనీసం 5 అడుగుల ఎత్తున ఉండాలి, నడిచే దారి 4 అడుగులు మించకూడదు, పలకల మధ్య అర అంగుళం సందు వదలాలి. ఇంటి ముందు పలకలకు సందెంత అని కొలిచే ప్రభుత్వం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ సూర్యుడు తిరిగేకొద్దీ ఆ సన్నటి వెలుతురు చారలు అడుగున జరుగుతుంటాయి, ప్రతి మొక్కకూ కాసేపైనా ఎండ అందుతుంది. గడ్డి లేని బురద నేల మీద తేలియాడేదే మేలు, గడ్డి ఉంటే ఎత్తైన సన్నటి దారి మేలు. అడుగున ఏముందో చూడకుండా ఇచ్చే అనుమతి గుడ్డి అనుమతే.

సిప్పీఘాట్ లాంటి చోట్ల ఇళ్ల ముందు శాశ్వత జెట్టీలకు అనుమతి ఇవ్వకపోవడమే సబబు. డోంగీకి సరిపడే చిన్న పలకకు ఒక పేజీ దరఖాస్తు, ఊరికంతటికీ ఉమ్మడిగా ఒక రేవు ఇస్తే అవసరం తీరుతుంది. అంతకు మించి కావాలన్నవారు ఏడాది పాటు కొలిచిన నీటి మట్టాలు, ఎండాకాలపు ఉప్పు కొలత, అడుగు పటం తీసుకురావాలి. అప్పుడైనా అనుమతి పదేళ్లకే ఇవ్వాలి. ఆ గడువు తీరాక పోటు రేఖ ఎక్కడుందో మళ్లీ కొలిచాకే పొడిగింపు మాట.